హద్దు, రద్దు, కబ్జా

ఈ వార్షిక సంచికకు ఒక వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, తెలుగు బోధించేవాడిని గనుక ఏ ప్రబంధాన్నో శతకాన్నో పట్టుకొని వస్తానని అనుకొని ఉంటారు. నేను పట్టుకొని వచ్చినవి మూడు మాటలు మాత్రమే: హద్దు, రద్దు, కబ్జా. మూడూ అరబ్బీలో పుట్టి, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, మన పొలాలలోనూ కచేరీలలోనూ స్థిరపడిపోయినవి. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో వీటికి వేరే పరిచయం అవసరం లేదు. మన రాజ్యాంగం పార్లమెంటు శాసనాధికారానికి ఎటువంటి హద్దు విధించిందో, ఆ హద్దు వలన ఒక రద్దు ఎంతకాలం ఆగిందో, చివరకు అంతా ఒక కబ్జా దగ్గరకు ఎట్లు వచ్చి నిలిచిందో చెప్పుటకు ఈ మూడు మాటలు చాలు. ఈ కథ ఎక్కడో జరిగింది కాదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నడుమ మనం రోజూ నడిచే నేల మీద జరిగింది.

వక్తృత్వపు పోటీలలో మన విద్యార్థులు తరచుగా చెప్పే వాక్యం ఒకటి ఉన్నది: "పార్లమెంటు తలచుకొంటే చేయలేని చట్టం లేదు, తీసివేయలేని చట్టం లేదు." చప్పట్లు కూడ బాగానే పడతాయి. ఈ వాక్యం ఇంగ్లండు పార్లమెంటుకు చెల్లుతుంది. అక్కడ దానిపై కూర్చున్న లిఖిత రాజ్యాంగం లేదు. మన పార్లమెంటుకు ఇది చెల్లదు. చెల్లదని నాకు మొదట తెలిసినది పుస్తకం వలన కాదు, మా చాచా వలన.

మా చాచా మలక్‌పేటలో గడియారాలు బాగుచేసేవారు. 1994లో ఎల్.బి.నగర్ దాటి లోపలకు 200 గజాల స్థలం కొన్నారు. కొన్నారు అనుట కూడ పెద్దమాటే. చేతికి వచ్చింది ఒప్పందపు కాగితం మాత్రమే. ఆ భూమి సీలింగులో ఉన్నది గనుక రిజిస్ట్రేషను కాదని అమ్మిన పట్టాదారు ముందే చెప్పాడు. "ఎప్పటికైనా ఈ చట్టం పోతుంది" అని కూడ చెప్పాడట. నాలుగు వైపులా అరగోడ లేపి, ఒక మూల జామమొక్క నాటి, చాచా ఆ 'ఎప్పటికైనా' కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. 1999లో పత్రికలో వార్త వచ్చింది: పట్టణ భూపరిమితి చట్టాన్ని పార్లమెంటు రద్దు చేసింది. చాచా ఆ పత్రికను మడతపెట్టి, నన్ను వెంటబెట్టుకొని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళారు. నాకప్పుడు పదేళ్ళు దాటలేదు. కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా పత్రికను చూడను కూడ చూడలేదు.

"ఢిల్లీలో రద్దయింది సాబ్. ఇక్కడ కాలేదు."

"ఢిల్లీ చేసిన చట్టం ఢిల్లీలోనే చచ్చిపోతే, ఇక్కడ ఎట్ల బతికుంది బాబూ?" అని చాచా అడిగారు. గుమాస్తా నవ్వి ఊరుకొన్నాడు. అది ఎగతాళి జవాబని చాలాకాలం నేను అనుకొన్నాను. రాజ్యాంగం 252వ అధికరణం చదివిన తర్వాత తెలిసింది, అతడు చెప్పింది అక్షరాలా నిజమని.

ఇప్పుడు కొంచెం వెనుకకు పోదాం. మన రాజ్యాంగం శాసనాధికారాన్ని ఒకే చేతిలో పెట్టలేదు. 245, 246 అధికరణాలు, ఏడవ షెడ్యూలు కలిసి ఆ పంపకాన్ని చేసినవి. ఆదిలో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు ఉండేవి. దేశరక్షణ, రైల్వేలు, నాణెములు కేంద్రానివి. శాంతిభద్రతలు, వ్యవసాయం, భూమి రాష్ట్రానివి. భూమి రాష్ట్ర జాబితాలో 18వ అంశం. భూమిపై హక్కులు, కౌలు, వ్యవసాయ భూమి బదిలీ అన్నీ దానిలోకే వస్తాయి. సాధారణ పరిస్థితులలో పార్లమెంటు ఈ జాబితాలోని విషయంపై చట్టం చేయరాదు. చేస్తే అది మంచి చట్టమా చెడ్డ చట్టమా అనే విచారణ లేకుండానే న్యాయస్థానం దానిని కొట్టివేయవచ్చును. ప్రాథమిక హక్కులు విధించే హద్దు వేరు. మన కళాశాల వంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలు నిలిచి ఉన్నది 30వ అధికరణం అనే ఆ రెండవ రకపు హద్దు మీదనే. అది మరొక సంచికకు చాలిన విషయం. ఇక్కడ నేను చెప్పదలచినది సమాఖ్య వేసిన హద్దును గూర్చి మాత్రమే.

1970 ప్రాంతంలో నగరాలలో భూమి కొద్దిమంది చేతులలో పోగుపడుతున్నదని, దానికి గరిష్ఠ పరిమితి విధించాలని దేశమంతటా ఆలోచన పుట్టింది. ఉద్దేశం మంచిదే. అందులో నాకు సందేహం లేదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, భూమి రాష్ట్ర విషయం. పార్లమెంటు నేరుగా చేయి పెట్టలేదు. ఇటువంటి సందర్భానికి రాజ్యాంగంలోనే ఒక దారి ఉన్నది. రెండు లేక అంతకు మించిన రాష్ట్రాల శాసనసభలు "ఈ విషయంలో మా తరఫున పార్లమెంటే చట్టం చేయవచ్చును" అని తీర్మానిస్తే, ఆ రాష్ట్రాల మేరకు పార్లమెంటుకు అధికారం వస్తుంది. మిగిలిన రాష్ట్రాలు తమకు ఇష్టమైతే తర్వాత తీర్మానం చేసి ఆ చట్టాన్ని స్వీకరించవచ్చును. ఇదే 252వ అధికరణం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న 1972లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, శాసనమండలి రెండూ అటువంటి తీర్మానం చేసినవి. అట్లు తీర్మానించిన రాష్ట్రాలు మొత్తం 11. వాటి ఆధారంతో పార్లమెంటు చేసిన చట్టం 1976 ఫిబ్రవరి 17న, అనగా అత్యవసర పరిస్థితి నడుస్తున్న రోజులలో, అమలులోకి వచ్చింది.

ఈ విషయాన్ని విద్యార్థులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పత్రికల నోళ్ళు మూసి, నాయకులను చెరసాలలో పెట్టిన కాలమది. అంతటి కాలంలో కూడ హైదరాబాదులోని ఒక గజం ఖాళీస్థలం మీద పార్లమెంటు చేసిన చట్టం పబ్లిక్ గార్డెన్స్‌లోని శాసనసభ తీర్మానాన్నే ఆధారం చేసుకొన్నది. ఆ తీర్మానం అంతకు ముందే చేతిలో ఉన్నది గనుకనే చట్టం నిలిచింది.

ఆ చట్టం ప్రకారం ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో పరిమితి 500 చదరపు మీటర్లు. హైదరాబాదు, బెంగుళూరు, అహమ్మదాబాదు, కాన్పూరు, పూనాలలో 1000. మన లెక్కలో సుమారు 1196 గజాలు. నగరంతో బాటు దాని పరిసరాలు కూడ దీని పరిధిలోకి వచ్చినవి. ఇప్పటి ఎల్.బి.నగర్, సరూర్‌నగర్ ప్రాంతాలలో ఆనాడు ద్రాక్షతోటలు ఉండేవని పెద్దలు చెప్తారు. మరి ద్రాక్షతోట పట్టణ భూమియా, వ్యవసాయ భూమియా? ప్రధానంగా వ్యవసాయానికి వాడుతున్న భూమిని చట్టం పట్టణ భూమిగా లెక్కించలేదు. కాని నగర ప్రణాళికాపటంలో ఆ భూమిని మరొక ప్రయోజనానికి చూపి ఉంటే, వ్యవసాయం అన్న వాదం చెల్లదు. అంటే తోట తోటగానే ఉండి, తీగకు కాయలు వేలాడుతూ ఉండగానే, పటంలోని రంగును బట్టి అది 'ఖాళీస్థలం' కావచ్చును. భూమి కంటె పటానికి విలువ ఎక్కువయిన ఆ రోజుల నుండే మన తూర్పు నగరంలో అరగోడల చరిత్ర మొదలయింది.

చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ భూయజమానులు ఉన్నత న్యాయస్థానంలో ప్రశ్నించారు. వారి వాదం నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది. 168వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనవ్యవస్థ అంటే ఉభయ సభలు మాత్రమే కాదు, గవర్నరు కూడ. 1972 తీర్మానంలో గవర్నరు పాత్ర లేదు. కాబట్టి రాష్ట్రం సరిగా అధికారమివ్వలేదు, పార్లమెంటు చట్టం చెల్లదు. ఉన్నత న్యాయస్థానం ఈ వాదాన్ని అంగీకరించింది! కేంద్ర ప్రభుత్వం సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్ళింది. 1979 మే 1న అక్కడ తీర్పు తారుమారయింది. 252వ అధికరణం అడుగుతున్నది సభల తీర్మానాన్ని, బిల్లును కాదు. తీర్మానానికి గవర్నరు అంగీకారం అవసరం లేదు. పట్టణ భూపరిమితి 18వ అంశానికి చెందినదే. రాష్ట్రం తీర్మానించింది గనుక ఆ విషయం పార్లమెంటుకు సంక్రమించింది. చట్టం చెల్లుతుంది. ఇదీ తీర్పు సారాంశం.

ఆ తీర్పులోనే మరొక అంశం ఉన్నది. దాని బరువు ఆనాడు ఎవరికీ అంతగా తెలిసినట్లు లేదు. ఒకసారి తీర్మానం చేసి అప్పగించిన తర్వాత, ఆ విషయంలో రాష్ట్రం చేతిలో ఇక అధికారం మిగలదు. 252వ అధికరణం రెండవ ఖండం దీనిని స్పష్టం చేస్తున్నది: అట్టి చట్టాన్ని రాష్ట్ర శాసనసభ సవరించలేదు, రద్దు చేయలేదు. సవరణ అయినా రద్దు అయినా పార్లమెంటే చేయాలి. ఇంతవరకే అయితే మన వక్తృత్వపు విద్యార్థి మాట నెగ్గినట్లే. కాని ఆ ఖండంలోనే ఇంకొక షరతు ఉన్నది. పార్లమెంటు చేసే రద్దు కూడ 'అదే పద్ధతిలో' జరగాలి. అనగా మళ్ళీ రాష్ట్రాల తీర్మానం కావాలి. వచ్చినప్పుడు పిలుపు లేనిదే రాకూడదు, పోవునప్పుడు కూడ పంపించనిదే పోకూడదు. మన పల్లెలలో కొత్త అల్లుడికి కూడ ఇంత మర్యాద లేదు.

1999లో పార్లమెంటు రద్దు చట్టం చేసినప్పుడు, తీర్మానాలు చేసి ముందుకు వచ్చిన రాష్ట్రాలు హర్యానా, పంజాబులు మాత్రమే. వాటిలోను, కేంద్రపాలిత ప్రాంతాలలోను పాతచట్టం వెంటనే పోయింది. ఉత్తరప్రదేశ్, గుజరాత్, కర్ణాటక వంటివి ఆ తర్వాత రద్దును స్వీకరించినవి. మహారాష్ట్ర 2007 నవంబరు దాకా ఆగింది. ఆంధ్రప్రదేశ్ స్వీకరించినది 2008 మార్చి 27న. అనగా, చేసిన పార్లమెంటే "ఇది వద్దు" అన్న తర్వాత తొమ్మిదేళ్ళు ఆ చట్టం హైదరాబాదులో బ్రతికి ఉన్నది. గుమాస్తా మాట నిజం. ఢిల్లీలో రద్దయింది, ఇక్కడ కాలేదు.

పక్కనే ఉన్న తమిళనాడు వేరే దారి పట్టింది. ఆ రాష్ట్రం 252వ అధికరణం క్రింద తీర్మానం చేయలేదు. 1978లో తన శాసనసభలో తన చట్టం తానే చేసుకొన్నది. 1999లో తానే తీసివేసుకొన్నది. ఢిల్లీని అడిగే పని గాని, ఢిల్లీ తమను అడిగే పని గాని లేకపోయింది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టుకొన్నవారికీ, పొరుగింట ఇచ్చివచ్చినవారికీ ఉన్న తేడా ఇది. 1972లో మన సభ్యులు ఈ తేడాను ఎంతవరకు తర్కించుకొన్నారో గాని, దాని ఫలితం మాత్రం మూడున్నర దశాబ్దాల పాటు మనకు అందింది.

ఇక్కడ నా మిత్రులు ఒకరు అడ్డుతగిలారు. ఆయన అర్థశాస్త్రం బోధిస్తారు. "పార్లమెంటుకు పూర్తి అధికారం ఉండి ఉంటే మీ చాచా సమస్య 1999లోనే తీరిపోయేది కదా! ఈ సమాఖ్య హద్దు వలన పేదవాడికి కలిగిన మేలేమిటి?" అన్నారు. ఇది తేలికగా కొట్టివేయదగిన ప్రశ్న కాదు. ఆ తొమ్మిదేళ్ళలో ఏం జరిగిందో చూస్తే, ఆయన వైపే మొగ్గాలనిపిస్తుంది. ఒక వంక రాష్ట్రం రద్దును స్వీకరించలేదు. మరొక వంక 2002లో, అదనపు భూములలో కట్టుకొన్నవారు రుసుము చెల్లిస్తే క్రమబద్ధం చేస్తామని ఉత్తరువులిచ్చింది. ఇతర రాష్ట్రాలలో చచ్చిన చట్టం ఇక్కడ ఖజానాకు ఆదాయమార్గం అయింది. చాచా దరఖాస్తు పెట్టుకొన్నారు. రుసుము చూసి వెనుకకు వచ్చారు.

అయినప్పటికీ నేను మిత్రునితో ఏకీభవించలేను. తప్పు హద్దుది కాదు. హద్దుకు ఇవతల ఉన్న మనది. 1999 నుండి 2008 వరకు తాళంచెవి ఢిల్లీలో లేదు, నాంపల్లిలో ఉన్నది. ఈ రోజు ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, నాంపల్లి దాటగానే వచ్చే స్టేషను పేరే అసెంబ్లీ. ఆ సభలో కూర్చునే మన ప్రతినిధులను ఈ తొమ్మిదేళ్ళలో జరిగిన ఎన్నికలలో మనలో ఎందరం అడిగాం, రద్దు తీర్మానం ఎప్పుడు పెడతారని? మా ఇంటిలో ఎవరూ అడగలేదని నేను సిగ్గుతో ఒప్పుకొంటున్నాను. చట్టం అంటే ఢిల్లీ అనుకొని, ఢిల్లీ వార్తలకై రేడియో దగ్గర చెవి పెట్టుకొని కూర్చున్నాం. ఎవరి దగ్గర అధికారమున్నదో తెలియని ప్రజకు, అధికారం ఎక్కడున్నా ఒకటే.

మిత్రుని ప్రశ్నకు రెండవ వైపు కూడ ఉన్నది. పార్లమెంటుకు భూమిపై పూర్తి అధికారం ఉంటే 1999లో చాచాకు మేలు జరిగేదే. కాని అదే అధికారం 1976లో కూడ ఉండేది కదా! అప్పుడు పరిమితి 1000 మీటర్లు ఉంటుందో 100 ఉంటుందో, ఏ ఊరి వరకు పరిసరాలు అవుతాయో, ఎవరినీ అడగకుండానే నిశ్చయమయ్యేది. మేలు చేయునప్పుడు విశాలంగాను, కీడు చేయునప్పుడు సన్నగాను మారిపోయే అధికారం లోకంలో ఎక్కడా లేదు. సంఖ్యలో చిన్నవారమైన మనకు ఈ సంగతి ఇతరుల కంటె ముందుగా తెలియాలి. పార్లమెంటులో లెక్క తలలను బట్టి నడుస్తుంది. తలలు తక్కువ ఉన్నవారికి ఆసరా హద్దులే. అవి ఒకోసారి మన కాలికే తగులుతాయని హద్దురాళ్ళు పెరికివేసుకోము కదా.

మన కాలికి తగిలిన సందర్భం ఒకటి ఇక్కడ చెప్పితీరాలి. తెలంగాణ ఉద్యోగాలు ఈ ప్రాంత నివాసులకే చెందాలని పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది. నివాసార్హతపై చట్టం చేసే అధికారం 16వ అధికరణం మూడవ ఖండం పార్లమెంటుకే ఇచ్చింది. రాష్ట్రాలకు లేదు. అయినా 1969 మార్చి 28న సర్వోన్నత న్యాయస్థానంలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టంలోని తెలంగాణ భాగాన్ని కొట్టివేసింది. రాజ్యాంగం 'రాష్ట్రంలో నివాసం' అన్నదే గాని 'రాష్ట్రంలో ఒక భాగంలో నివాసం' అనలేదు, కాబట్టి పార్లమెంటు తనకిచ్చిన కొలతకు మించి కోసింది అన్నది కారణం. ధర్మాసనానికి అధ్యక్షత వహించినవారు ప్రధాన న్యాయమూర్తి ముహమ్మద్ హిదాయతుల్లా. బయట వీధులలో తెలంగాణ ఉద్యమం మండుతున్న రోజులవి. ఆ తీర్పు ఈ ప్రాంతపు యువకులకు ఎంత చేదుగా తోచి ఉంటుందో ఊహించవచ్చును. నాకు మాత్రం అది సరియైన తీర్పే అనిపిస్తుంది. సాధారణ చట్టంతో కుదరదని తేలిన తర్వాతనే, ముల్కీ వివాదాలూ రెండు ప్రాంతాల ఆందోళనలూ దాటి, 1973 నాటి 32వ సవరణ చట్టం ద్వారా 371-డి అధికరణం రాజ్యాంగంలోనే చేరింది. 1957 నాటి చట్టం ఐదేళ్ళకు ఉద్దేశించి, గడువులు పెంచుకొంటూ పోయినది. 371-డి ఐదు దశాబ్దాలు దాటి, రాష్ట్ర విభజనను కూడ దాటి, నేటికీ నిలిచి ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలలో ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మన పూర్వ విద్యార్థులు చేతబట్టుకొని తిరిగే స్థానికత ధ్రువపత్రాలకు మూలం అదే.

ఇంతగా హద్దులను పొగిడిన తర్వాత, హద్దు లేని చోటును దాచిపెట్టుట న్యాయం కాదు. మన రాజ్యాంగంలో నాకు ఎన్నటికీ మింగుడుపడని వింత ఒకటి ఉన్నది. ఒక రాష్ట్రానికి శాసనమండలి ఉండాలా వద్దా అన్నది పార్లమెంటు స్వయంగా నిర్ణయించలేదు. 169వ అధికరణం ప్రకారం ముందు ఆ రాష్ట్ర శాసనసభ ప్రత్యేక మెజారిటీతో తీర్మానించాలి. 1985లో ఆంధ్రప్రదేశ్ మండలి రద్దయింది, 2007లో తిరిగి వచ్చింది, రెండుసార్లూ సభ తీర్మానించిన తర్వాతనే. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సభ మళ్ళీ రద్దు కోరింది. పార్లమెంటు కదలలేదు. 2021లో ఆ సభే తీర్మానాన్ని వెనుకకు తీసుకొన్నది. ఒక మండలికి ఇంత తతంగం! మరి ఆ రాష్ట్రాన్నే రెండుగా విభజించుటకు? 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, వినవలసిన పని లేదు. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దానిని ఆమోదించినవి. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. ఇంటిలో గది కట్టాలన్నా కూల్చాలన్నా యజమాని అనుమతి కావాలి, ఇల్లే పంచుటకు అక్కరలేదు. తెలంగాణ వచ్చినందుకు నేను సంతోషించినవాడినే. కాని మనకు మేలు చేసిన తలుపు రేపు మరొకరికి ఎటు తెరుచుకొంటుందో ఎవరు చెప్పగలరు? 2019లో జమ్మూ కాశ్మీరు రాష్ట్రం రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మారినప్పుడు ఆ రాష్ట్రంలో అభిప్రాయం చెప్పుటకు శాసనసభ కూడ లేదు. అప్పటికే అది రద్దయి ఉన్నది.

హద్దు ఉన్న చోట కూడ దానిని చుట్టుకొని పోయే దారులుంటాయి. 2008లో మన రాష్ట్రం రద్దును ఎందుకు స్వీకరించింది? ప్రజలు అడిగినందుకు కాదని పైన ఒప్పుకొన్నాను. 2005 డిసెంబరులో కేంద్రం నెహ్రూ పేరిట జాతీయ పట్టణ నవీకరణ పథకాన్ని ప్రారంభించింది. నగరాలకు నిధులు కావాలంటే రాష్ట్రాలు కొన్ని సంస్కరణలకు మాట ఇవ్వాలి. వాటిలో పట్టణ భూపరిమితి చట్టం రద్దు ఒకటి. చట్టంతో తెరవలేని తలుపును పైకంతో తెరిచారన్న మాట. రాజ్యాంగం పార్లమెంటు కలానికి వేసిన హద్దు కేంద్ర ఖజానాకు వేయలేదు. 1976లో 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చిన సంగతిని కూడ మన కళాశాల పెద్దలు దీనితో కలిపి ఆలోచించాలని నా కోరిక. మనకు ఏ నియమం ఎక్కడి నుండి వస్తున్నది, దాని వెనుక ఉన్నది చట్టమా, నిధుల షరతా అన్నది తెలియకుండా సంస్థను నడుపుట కష్టం.

ఇక మూడవ మాట మిగిలింది. ఉర్దూలో కబ్జా అంటే స్వాధీనం. అందులో తప్పేమీ లేదు. పిడిని కూడ కబ్జా అంటారు. తెలుగులోకి వచ్చేసరికి పాపం ఆ మాటకు దొంగ వేషం పడింది. పత్రికలలో 'కబ్జా' అని కనబడితే పక్కనే పోలీసు ఉంటాడు. కాని 1999 నాటి రద్దు చట్టం తిరుగుతున్నది అసలు అర్థంలోని కబ్జా చుట్టూనే. రద్దు అమలయ్యే నాటికి అదనపు భూమిని ప్రభుత్వం స్వాధీనపరచుకొని ఉంటే, అది ప్రభుత్వానిదే. స్వాధీనపరచుకొనకపోతే వ్యవహారం అంతటితో ముగిసి, భూమి పట్టాదారుకే ఉండిపోతుంది. మనకు సంబంధించినంత వరకు గీత పడినది 2008 మార్చి 27 దగ్గర. 1999లోనే స్వీకరించి ఉంటే గీత అక్కడ పడేది. ఆ తొమ్మిదేళ్ళ నడుమ కాగితాలపై ఎన్ని స్వాధీనాలు వ్రాసుకొన్నారో, అన్ని ఇళ్ళకు ఈ సమాఖ్య పాఠం ఇటుక ఇటుకకూ తెలుసు.

చాచా స్థలం అటువంటిదే. 2000 తర్వాతి తేదీతో ఒక పంచనామా ఉన్నది. ప్రభుత్వం ఆ భూమిని స్వాధీనపరచుకొన్నట్లు అందులో వ్రాసి ఉన్నది. ఆ తేదీన గాని, ఆ తర్వాత గాని అరగోడను ఎవరూ ముట్టుకొన్నది లేదు. 2013లో సర్వోన్నత న్యాయస్థానం ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో, ఈ చట్టం క్రింద స్వాధీనం అంటే కాగితం మీది స్వాధీనం చాలదని, భూమిని వాస్తవంగా తీసుకొని ఉండాలని చెప్పింది. ఆ తీర్పును నేను చాచాకు సగం ఉర్దూలో సగం తెలుగులో చదివి వినిపించాను. అప్పటికి జామమొక్క చెట్టయింది. దాని క్రింద తాళ్ళమంచం వేసుకొని కూర్చొని ఉన్నారు. అంతా విని, "అయితే నేను ఇరవై ఏళ్ళ నుంచి కూర్చున్నది కబ్జానా, వాళ్ళు రాసుకున్నది కబ్జానా బేటా?" అన్నారు.

పట్టాదారు వారసులు రిజిస్ట్రేషనుకు సిద్ధంగానే ఉన్నారు. తీర్పు ప్రతిని, 1994 నాటి ఒప్పందాన్ని, జామచెట్టు కనిపించేటట్లు తీసిన రెండు ఛాయాచిత్రాలను న్యాయవాది దగ్గర ఇచ్చి వచ్చాం. మడతలు పడిన ఆ 1999 నాటి పత్రికను కూడ చాచా పట్టుకొని వచ్చారు. అది అవసరం లేదని న్యాయవాది తిరిగి ఇచ్చివేశారు.